చందా ఇవ్వొచ్చా అన్నా?

ఎలక్షన్ల సీజన్ వస్తే నాకు వచ్చే మెసేజీలు రెండు రకాలు. ఒకటి: "అన్నా, మన తెలుగాయన ఇక్కడ స్టేట్ హౌస్‌కు (ఇక్కడి అసెంబ్లీ లాంటిది) నిలబడ్డడు, డిన్నర్‌కు పిలిచిన్రు, ఎంత ఇయ్యొచ్చు?" రెండోది: "మా ఊర్ల దోస్తు సర్పంచ్‌కు నామినేషన్ ఏస్తుండు, ఎంత పంపొచ్చు?" నల్లగొండ, పాలమూరు వాళ్ళం కదా, డాలస్‌లో దిగి సామాను సర్దుకోకముందే ఏ గల్లీలో ఎవరు ఏ పార్టీయో కనుక్కుంటాం.

ఎంత అని అందరూ అడుగుతారు. అసలు నేను ఇవ్వొచ్చా అని అడిగేవాళ్ళు తక్కువ. చట్టం మాత్రం ముందు అదే అడుగుతుంది.

అమెరికా సంగతి ముందు చెప్తా. ఎఫ్1, ఓపీటీ, హెచ్1బి, ఎల్1, హెచ్4 లాంటి చదువు, ఉద్యోగం, డిపెండెంట్ వీసాల మీద ఉన్నవాళ్ళు ఒక్క డాలరు కూడా ఇవ్వకూడదు. ప్రెసిడెంట్ ఎన్నికైనా అంతే, మీ కౌంటీలో స్కూల్ బోర్డు ఎన్నికైనా అంతే. ఐ-140 (గ్రీన్ కార్డు కోసం కంపెనీ పెట్టే దరఖాస్తు) అప్రూవ్ అయింది, ఈఏడీ (పని చేసుకునే అనుమతి కార్డు) చేతిలో ఉంది అంటే కుదరదు. గ్రీన్ కార్డు (శాశ్వత నివాస అనుమతి) వచ్చిందంటే ఇవ్వొచ్చు, ఓటు హక్కు లేకున్నా సరే. డిన్నర్ టికెట్ కొనడం కూడా చందా కిందికే వస్తుంది. క్యాంపెయిన్ వాళ్ళు అమ్మే టీషర్టు, టోపీ కొన్నా అదే లెక్క, "నేను చందా ఇయ్యలే, అంగీ కొన్న" అంటే నడవదు. పైసా తీసుకోకుండా వాలంటీరుగా ఇంటింటికి తిరిగి కరపత్రాలు పంచడం, ఫోన్లు చేయడం మాత్రం వీసా మీద ఉన్నవాళ్ళూ చేయొచ్చు. మనవాళ్ళు ఎక్కువమంది దీన్ని వదిలేసి డబ్బు దగ్గరికే పోతారు, ఎందుకో మరి.

అసలు ముప్పు ఇంకోచోట ఉంది. పార్టీలో పదిమంది కూర్చున్నప్పుడు ఒక తమ్ముడు గ్రీన్ కార్డు ఉన్న అన్నతో అంటాడు: "నీ కార్డు మీద కొట్టే అన్నా, నేను నీకు జెల్ (ఫోన్‌లో డబ్బు పంపే యాప్) చేస్త." అన్న కూడా పోనీలే పిల్లగాడు అడిగిండు అని కొట్టేస్తాడు. ఇద్దరూ ఇరుక్కున్నట్టే. ఒకరి డబ్బు ఇంకొకరి పేరు మీద ఇవ్వడం అక్కడ నేరం. ఇచ్చినవాడు సిటిజన్ అయినా నేరమే. దినేశ్ డిసౌజా అనే ఆయన, ముంబైలో పుట్టి అమెరికా పౌరుడైన రచయిత, 2012లో ఒక సెనెట్ అభ్యర్థికి వేరేవాళ్ళ పేర్ల మీద 20,000 డాలర్లు ఇప్పించాడు. 2014లో తప్పు ఒప్పుకున్నాడు. ఐదేళ్ళ ప్రొబేషన్, అందులో ఎనిమిది నెలలు రాత్రిళ్ళు నిర్బంధ కేంద్రంలో గడపాలి, 30,000 డాలర్ల జరిమానా. 2018లో ప్రెసిడెంట్ క్షమాభిక్ష పెట్టాడు. మనకు పెట్టడు.

ఆన్‌లైన్‌లో చందా పేజీ తెరిస్తే కింద చిన్న అక్షరాల్లో వరుసగా గళ్ళు ఉంటాయి. నేను అమెరికా పౌరుణ్ణి లేదా గ్రీన్ కార్డుదారుణ్ణి, ఈ డబ్బు నాదే, ఇంకెవరిదీ కాదు, నేను ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) కాంట్రాక్టర్‌ను కాను. మనం యాప్ దించుకునేటప్పుడు నొక్కినట్టు టకటక నొక్కేసి ముందుకు పోతాం. ఆ ప్రతి గడీ మీరు సంతకం పెట్టి ఇచ్చిన మాట. ఒక అభ్యర్థికి మీరు ఇచ్చింది మొత్తం 200 డాలర్లు దాటితే మీ పేరు, ఊరు, ఉద్యోగం, కంపెనీ పేరు ఫెడరల్ ఎలక్షన్ కమిషన్ వెబ్‌సైట్‌లో ఎవరైనా వెతుక్కోవచ్చు.

ఇక ఎంత అంటే, 2025-26లో ఫెడరల్ అభ్యర్థికి ఒక ఎన్నికకు 3,500 డాలర్లు. ప్రైమరీ (పార్టీ అభ్యర్థిని తేల్చే ఎన్నిక) వేరు, జనరల్ (అసలు ఎన్నిక) వేరు కాబట్టి మొత్తం 7,000. నగదైతే 100 మించకూడదు. రాష్ట్ర పదవులకు ఏ రాష్ట్రం రూలు ఆ రాష్ట్రానిది. టెక్సాస్‌లో జడ్జీల ఎన్నికలు తప్పిస్తే వ్యక్తులు ఇచ్చే చందాకు పైపరిమితే లేదు. ఆ టెక్సాస్‌లో కూడా హెచ్1బి వాళ్ళకు సున్నాయే.

కెనడాలో పౌరులు, పీఆర్ (శాశ్వత నివాస హక్కు) ఉన్నవాళ్ళు మాత్రమే ఇవ్వాలి. 2025లో ఒక పార్టీకి ఏడాదికి 1,750 డాలర్లు, ఏటా 25 పెరుగుతుంది. కంపెనీలు అసలు ఇవ్వకూడదు. మొదటి 400 డాలర్లలో 75 శాతం పన్నులో తిరిగొస్తుంది కాబట్టి అక్కడివాళ్ళు రసీదు జాగ్రత్తగా దాచుకుంటారు. సింగపూర్‌లో పీఆర్ ఉన్నా కుదరదు, పౌరులకే.

బ్రిటన్ మాత్రం మనవాళ్ళకు ఆశ్చర్యం కలిగిస్తుంది. కామన్వెల్త్ పౌరులు కాబట్టి, ఇండియా పాస్‌పోర్టుతో వీసా మీద అక్కడ ఉంటున్నవాళ్ళు ఓటర్ల జాబితాలో చేరొచ్చు, పార్లమెంటు ఎన్నికల్లో ఓటు వేయొచ్చు. జాబితాలో పేరుంటే చందా కూడా ఇవ్వొచ్చు, దానికి పైపరిమితి లేదు. 500 పౌండ్లు దాటితే పార్టీ మీ పేరు జాబితాలో ఉందో లేదో చూసుకుంటుంది. అక్కడ కట్టడి ఇచ్చేవాడి మీద కాదు, పార్టీ పెట్టే ఖర్చు మీద. అమెరికాలో తిరగేసి: అభ్యర్థి ఎంతైనా ఖర్చు పెట్టుకోవచ్చు, ఇచ్చేవాడికే హద్దు.

మన దగ్గర అభ్యర్థి ఖర్చుకు హద్దు ఉంది, పార్టీ ఖర్చుకు లేదు. తెలంగాణలో ఎమ్మెల్యే అభ్యర్థికి 40 లక్షలు, ఎంపీకి 95 లక్షలు. 2022 మునుగోడు ఉప ఎన్నిక చూసిన నల్లగొండ జిల్లావాళ్ళకు ఆ అంకెలు చెబితే నవ్వుతారు. అదే నల్లగొండలో 1996లో ఫ్లోరైడ్ నీళ్ళ గోస ఢిల్లీకి వినిపించాలని 480 మంది ఎంపీ సీటుకు నిలబడితే, బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయింది. అప్పుడు డిపాజిట్ 500 రూపాయలే. ఆ ఏడాదే చట్టం మార్చి 10,000 చేశారు. పేదవాడి నామినేషన్‌కు అంత తొందరగా పట్టిన కట్టడి పార్టీల ఖర్చుకు ఇప్పటికీ పట్టలేదు.

సరే, ఊర్లో దోస్తు సంగతి. ఇక్కడ చూడాల్సింది మీ పాస్‌పోర్టు. ఇండియా పాస్‌పోర్టు ఉంటే మీరు ఏ దేశంలో ఉన్నా, సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా ఇచ్చేది విదేశీ చందా కాదు. అమెరికా పాస్‌పోర్టు తీసుకుని ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్ళకు ఇండియా ఇచ్చేది) పెట్టుకున్నవాళ్ళు చట్టం దృష్టిలో విదేశీయులే. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) ప్రకారం పార్టీలు గాని అభ్యర్థులు గాని వాళ్ళ దగ్గర తీసుకోకూడదు. పంచాయతీ కూడా ఇందులోకి వస్తుంది, కాబట్టి ఎమ్మెల్యే కాదు కదా, వార్డు మెంబరుకైనా ఇదే. అభ్యర్థి మీ సొంత తమ్ముడైతే చట్టంలో వెసులుబాటు ఉంది. కానీ నామినేషన్‌కు ముందు 180 రోజుల్లో అట్లా వచ్చిన డబ్బు వివరం అతను ప్రభుత్వానికి తెలియజేయాలి. వరుసకు బావ, ఊరి వరుస మామ ఈ వెసులుబాటులోకి రారు.

లెక్కేసి చూస్తే, గ్రీన్ కార్డు ఉండి ఇండియా పాస్‌పోర్టు మార్చుకోనివాళ్ళకు రెండు దిక్కులా తలుపు తెరిచే ఉంటుంది. సిటిజన్‌షిప్ ప్రమాణం చేసిన రోజు ఇంటి దిక్కుది మూసుకుంటుంది. ఇది చాలామందికి ఓత్ అయ్యాక తెలుస్తుంది.

సర్పంచ్ ఎన్నికకు ఖర్చు హద్దు 5,000 జనాభా దాటిన ఊళ్ళో 2.5 లక్షలు, అంతకంటే చిన్న ఊరైతే 1.5 లక్షలు. దేవరకొండ దిక్కు తండాలకు, అచ్చంపేట దిక్కు పల్లెలకు వర్తించేది ఎక్కువగా రెండోదే. నలుగురు ఎన్నారై దోస్తులు తలా లక్ష పంపితే మీ దోస్తుకు మేలు చేసినట్టా, లెక్క చూపించలేని ఇబ్బంది తెచ్చిపెట్టినట్టా? లెక్కలు దాఖలు చేయకుంటే అనర్హత పడుతుంది.

గల్ఫ్‌లో ఉన్న తమ్ముళ్ళకు ఒక మాట. సౌదీ, ఖతర్, ఎమిరేట్స్‌లో పార్టీలే లేవు కాబట్టి ఈ గొడవ లేదనుకుంటారు. కానీ ఎమిరేట్స్‌లో అనుమతి లేకుండా ఏ పేరు మీదైనా విరాళాలు వసూలు చేయడం నేరం. "మన మక్తల్ అన్న గెలవాలె, తలా వంద దిర్హాంలు" అని వాట్సాప్ గ్రూపులో పెట్టినవాడు ఆ లిస్టుతో సహా దొరికిపోతాడు. ఇవ్వాలని ఉంటే ఎవరికి వాళ్ళు తమ ఇండియా ఖాతా నుంచి ట్రాన్స్‌ఫర్ చేయండి. పార్టీకి నగదుగా 2,000 రూపాయలు మించి ఇవ్వకూడదు. రసీదు మీద మీ పేరు, పాన్ నంబరు సరిగ్గా ఉన్నాయో లేవో అప్పుడే చూసుకోండి.