2016 స్విఫ్ట్ పెట్రోల్ కొనేముందు: బానెట్ తర్వాత, ముందు కార్పెట్ ఎత్తండి

మీ ప్రశ్న: చెన్నై పెరుంగుడిలో ఉద్యోగం, ఇద్దరు పిల్లలు, నెలకోసారి నెల్లూరు వెళ్ళిరావాలి. 2016 స్విఫ్ట్ వీఎక్స్‌ఐ పెట్రోల్, టీఎన్ 07 నంబరు, 74 వేల కిలోమీటర్లు, రెండో ఓనరు. ఈ బండిలో ఏమేం పోతుంటాయి, ఏం చూసి కొనాలి?

ఇంజన్ గురించి మరీ దిగులు పడకండి. అందులో ఉన్నది 1197 సీసీ, నాలుగు సిలిండర్ల కె-సిరీస్. ఇంజన్ వాల్వులు సరైన సమయానికి తెరుచుకునేలా నడిపేది టైమింగ్ బెల్టు కాదు, చైన్, కాబట్టి ఇన్ని కిలోమీటర్లకి మార్చాలన్న లెక్క లేదు. పది వేలకో ఏడాదికో ఆయిల్ మారుస్తూ వస్తే 74 వేలు దానికి పెద్ద వయసేమీ కాదు. మార్చకపోతే తెల్లారి మొదటి స్టార్టులో చైన్ గలగలమంటుంది. అందుకే అమ్మేవాళ్ళకి ముందే చెప్పండి, మేం వచ్చేదాకా బండి స్టార్ట్ చేయొద్దని. వెళ్ళగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. వేడిగా ఉంటే ఇంకో రోజు వస్తామని చెప్పి వచ్చేయండి.

చెన్నై బండిలో అసలు భయపడాల్సింది నీళ్ళకి. 2015 డిసెంబరు వరదకి మీ బండి ఇంకా రోడ్డెక్కలేదు. అయినా ఆర్సీలో తయారీ నెల చూడండి. అది 2015 చివర్లో ఉండి రిజిస్ట్రేషన్ 2016లో అయ్యుంటే, ఆ వరదప్పుడు ఏ యార్డులో నిలబడి ఉందోనన్న అనుమానం ఒకటి మిగులుతుంది. అంతకంటే ముఖ్యం 2023 డిసెంబరు 3, 4 తేదీలు. మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటేముందు చెన్నైని ముంచిన రోజులవి. వేళచ్చేరి, పళ్ళికరణై, పెరుంబాక్కం వైపు సెల్లార్లలో, వీధుల్లో నిలబెట్టిన కార్లు చాలా మునిగాయి. నంబరు ఎక్కడిదన్నది కాదు, ఆ వారం బండి ఎక్కడ నిలబడి ఉందన్నది అడగండి.

నోటిమాట కంటే ఇన్సూరెన్సు కాగితం నయం. 2022 నుంచి ఇప్పటిదాకా పాలసీలు వరుసగా చూపించమనండి. వాటి మీద నో క్లెయిమ్ బోనస్ శాతం ఉంటుంది. క్లెయిమ్ లేకుండా ఏడాది గడిచినకొద్దీ అది 20, 25, 35, 45, 50గా పెరుగుతుంది. 2024లో రెన్యూ చేసిన పాలసీలో అది ఒక్కసారిగా సున్నా అయ్యిందంటే అంతకుముందు ఏడాది ఏదో క్లెయిమ్ జరిగింది. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఆ బోనస్ బండిది కాదు, ఓనరుది. కాబట్టి అదే ఏడాది చేతులు మారినా సున్నా నుంచే మొదలవుతుంది. ఆర్సీ బదిలీ తేదీ పక్కన పెట్టి చూస్తే ఏది నిజమో తెలిసిపోతుంది. థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉంటే ఈ దారి మూసుకుపోయినట్టే, అప్పుడు బండినే అడగాలి.

మునిగిన కారుని వాటర్ సర్వీస్ చేయించి, కొత్త సీటు కవర్లు తొడిగి, సెంటు కొట్టి నిలబెడతారు. కంటికి కనిపించే చోటల్లా శుభ్రంగానే ఉంటుంది. మీరు వాళ్ళ చెయ్యి పట్టని చోట చూడాలి. ముందు సీటు బెల్టు చివరిదాకా లాగండి, వెనక బెల్టులు కూడా. ఎప్పుడూ లోపలే చుట్టుకుని ఉండే ఆ చివరి అడుగులో బురద మరకో, అడ్డంగా నీటి చారో ఉంటే ఇక మాటలు అనవసరం. తర్వాత డిక్కీలో మ్యాటు ఎత్తి, స్టెప్నీ బయటికి తీసి, ఆ గుంత అడుగు చూడండి. స్టెప్నీ బిగించే బోల్టు మరల్లో ఎండిన సన్నటి మట్టి పట్టి ఉంటే అది రోడ్డు దుమ్ము కాదు. ముందు సీట్లు పూర్తిగా వెనక్కి నెట్టి, సెల్ టార్చి వేసి పట్టాలు, వాటి బోల్టులు చూడండి. తడి గొడుగులు పెట్టినందుకు ఒకటి రెండు చోట్ల తుప్పు రావడం మామూలే. నాలుగు మూలలా ఒకే ఎత్తులో, ఒకే రంగులో వస్తే మామూలు కాదు. చివరగా డ్రైవరు కాళ్ళ పైన, డ్యాష్‌బోర్డు కింద ఉన్న ఒక వైరు కనెక్టరు ఊడదీయించి చూడండి. రాగి పిన్నుల మీద పచ్చగా చిలుము పట్టి ఉంటే ఆ బండి ముందుముందు మీకు రోజుకో లైటు వెలిగించి చూపిస్తుంది. ఒకరోజు పవర్ విండో, ఇంకోరోజు సెంట్రల్ లాకు. ఏ మెకానిక్కూ కుదురుగా బాగుచేయలేడు.

ఒక్క తడికి మాత్రం కంగారు పడకండి. ఎడమవైపు ముందు సీటు కాళ్ళ దగ్గర కార్పెట్ ఒక్కటే తడిగా ఉంటే చాలాసార్లు అది ఏసీ డ్రెయిన్ పైపు మూసుకుపోయి లోపలికి కారిన నీళ్ళే. పైపులో గాలి కొడితే పోతుంది. కార్పెట్ అడుగు స్పాంజి నొక్కితే మంచినీళ్ళు వస్తే ఏసీ, వేళ్ళకి ఒండ్రు అంటితే వరద.

నీళ్ళలో ఆగిపోయిన బండికి ఎవరైనా కంగారులో మళ్ళీ స్టార్టరు కొట్టి ఉంటే, ఎయిర్ ఫిల్టరు గుండా నీళ్ళు సిలిండరులోకి వెళ్ళి కనెక్టింగ్ రాడ్ కొద్దిగా వంగుతుంది. నీళ్ళు నలగవు కదా, నలిగేది రాడ్డే. అలా వంగిన ఇంజన్ కూడా నడుస్తుంది, అదే ప్రమాదం. ఐడిల్‌లో చిన్న వణుకు తప్ప ఏమీ తెలియదు, హైవే మీద ఎప్పుడో రాడ్ విరిగి బ్లాకుకి కన్నం పెడుతుంది. అందుకే నాలుగు ప్లగ్గులూ తీయించి కంప్రెషన్ టెస్టు, అంటే సిలిండర్లలో ఒత్తిడి కొలిచే పరీక్ష, చేయించండి. అరగంట పని. ఒక సిలిండరుకీ ఇంకోదానికీ తేడా 1 బార్ మించకూడదు. పైగా ప్లగ్గులు తీసినప్పుడు ఆ గుంతల్లో ఆయిల్ నిలిచి ఉందో లేదో కూడా కనబడుతుంది. ఉంటే టాపెట్ కవర్ గ్యాస్కెట్ గట్టిపడిందని అర్థం. చిన్న ఖర్చే గానీ, అలాగే వదిలేస్తే ఇగ్నిషన్ కాయిల్ రబ్బరు చెడి మిస్‌ఫైర్ మొదలవుతుంది.

పిల్లలున్న ఇల్లు కాబట్టి ఇంకో మాట. ఆ తరం వీఎక్స్‌ఐలన్నిటికీ ఎయిర్‌బ్యాగులు ఉండవు, ఆప్షనల్ ట్రిమ్‌లోనే వచ్చేవి. స్టీరింగు మధ్యలో, ఎడమ డ్యాష్‌బోర్డు మీద ఎస్‌ఆర్‌ఎస్ అని అచ్చు ఉందేమో చూడండి. 2014లో కార్ల భద్రతని పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ క్రాష్ టెస్టులో ఎయిర్‌బ్యాగులు లేని స్విఫ్ట్‌కి పెద్దల రక్షణలో సున్నా స్టార్లు వచ్చాయి. నెల్లూరు దారిలో గుమ్మిడిపూండి దాటాక లారీల మధ్య నెలనెలా వెళ్ళేవాళ్ళకి, ఎయిర్‌బ్యాగులూ, గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్సూ లేని బండి ఎంత చవగ్గా వచ్చినా వద్దంటాను. ఉంటే ఇగ్నిషన్ ఆన్ చేయగానే మీటరులో ఎయిర్‌బ్యాగ్ లైటు కొన్ని సెకన్లు వెలిగి ఆరాలి. ఆరకపోతే లోపం. అసలు వెలగనే వెలగకపోతే ఎవరో ఆ లైటుని చంపేశారు, అది ఇంకా పెద్ద లోపం.

క్లచ్ సంగతి. ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) ట్రాఫిక్‌లో రోజూ గంటన్నర పాకిన బండికి 74 వేలకి క్లచ్ చివరికొచ్చి ఉంటుంది, ఇప్పటికే ఒకసారి మార్చి ఉంటే బిల్లు అడగండి. పరీక్ష సులువు. ఖాళీ రోడ్డు మీద నాలుగో గేరులో 40లో వెళ్తూ యాక్సిలరేటరు పూర్తిగా తొక్కండి. ఇంజన్ మోత ముందు పెరిగి స్పీడు వెనకాల నింపాదిగా వస్తే ప్లేటు జారుతోంది. పెడల్ బరువెక్కి, బాగా పైకి వచ్చాక గానీ అందుకోకపోయినా అదే కథ. మార్చేటప్పుడు క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగు మూడూ కలిపే వేయించండి. ఖర్చంతా గేరుబాక్సు దించే కూలిలోనే ఉంది, బేరింగు ఒక్కటీ మిగుల్చుకుంటే ఆర్నెల్లకి మళ్ళీ దించాలి. మారుస్తారా, ధరలో పది వేలు తగ్గిస్తారా అని అడగడానికి ఇది న్యాయమైన కారణం.

ఏసీని సాయంత్రం చూడకండి. మధ్యాహ్నం పన్నెండుకీ రెండింటికీ మధ్య, ఎండలో నిలబెట్టిన బండిలో చూడండి. కూరగాయల ఫ్రిజ్‌లో పెట్టే థర్మామీటరు ఒకటి మధ్య వెంటులో గుచ్చండి. కదులుతున్నప్పుడు 8 నుంచి 10 డిగ్రీలు, సిగ్నల్లో ఆగినప్పుడు 13, 14 లోపు ఉంటే బాగున్నట్టే. కదిలితే చల్లగా, ఆగితే వేడిగా వస్తుంటే రేడియేటరు దగ్గరి ఫ్యానో, మూసుకుపోయిన కండెన్సరో, నీరసించిన కంప్రెసరో. "ప్రతి ఎండాకాలం గ్యాస్ నింపిస్తే చాలు సార్" అంటే నమ్మకండి. ఏసీ గ్యాస్ పెట్రోలు కాదు ఖర్చవడానికి, తగ్గిందంటే ఎక్కడో కారుతోంది. పైపు జాయింటు రింగులో కారితే చిన్న పనే. కూలింగ్ కాయిల్లో కారితే డ్యాష్‌బోర్డు మొత్తం విప్పాలి, విప్పిన డ్యాష్‌బోర్డు మళ్ళీ చప్పుడు లేకుండా కూర్చోవడం మెకానిక్ చేతి చలవ. బీసెంట్ నగర్, తిరువాన్మియూర్ వైపు సముద్రపు గాలికి నిలబడిన బండ్లలో కండెన్సరు రేకలు పొడిపొడిగా రాలుతుంటాయి. ముందు గ్రిల్లులోంచి టార్చి వేస్తే కనిపిస్తుంది. అలాంటి బండిని ర్యాంపు మీద ఎత్తించి సైలెన్సరు జాయింట్లు, వెనక బీము, తలుపుల కింది అంచులు కూడా చూడాలి.

కూలెంట్ ట్యాంకులో రంగు చూడండి. ఇటుక రంగు నీళ్ళుంటే ఎవరో కూలెంట్‌కి బదులు బోరు నీళ్ళు పోస్తూ వచ్చారు. చెన్నై బోరు నీళ్ళలో ఉప్పు ఎంతో మీకు తెలిసిందే. రేడియేటరు, థర్మోస్టాట్, వాటర్ పంపు మూడింటి మీదా అనుమానం పెట్టుకోవాలి.

సస్పెన్షన్‌లో పెద్దగా భయపడేదేం లేదు, అన్నీ పోయేవే, అన్నీ దొరికేవే. గుంతల వీధిలో 15, 20లో కిటికీలు దించి నడపండి. ముందు నుంచి టకటక వస్తే ఎక్కువసార్లు స్టెబిలైజర్ లింక్ రాడ్డులే, అన్నిటికంటే చవకైన పని. బ్రేకు వేసినప్పుడు ఒక్క దబ్బు వినిపిస్తే లోయర్ ఆర్మ్ బుష్. నిలబడి స్టీరింగు చివరిదాకా తిప్పేటప్పుడు స్ప్రింగు పలికితే స్ట్రట్ మౌంట్. తర్వాత తొరైపాక్కం-పల్లావరం రేడియల్ రోడ్డెక్కి 60, 70లో వెళ్ళండి. గుయ్‌మనే మోత ఒకవైపు ఒరిగితే పెరిగి ఇంకోవైపు తగ్గితే వీల్ బేరింగు, ఎటు తిప్పినా మారకపోతే టైర్లు. టైరు పక్కన నాలుగంకెల ముద్ర ఉంటుంది, 2321 అంటే 2021లో 23వ వారం. అయిదారేళ్ళు దాటినవైతే గాడి ఎంత లోతున్నా కొత్త టైర్ల ఖర్చు లెక్క వేసుకోండి. వీఎక్స్‌ఐ సైజు 165/80 ఆర్14.

కిలోమీటర్లు నిజమో కాదో మీటరు చెప్పదు. నంబరు చెబితే కంపెనీ సర్వీసు సెంటరు కంప్యూటరులో ఏ తేదీకి ఎంత తిరిగిందో వస్తుంది, ఓనరుని వెంటబెట్టుకుని వెళ్ళండి. 2019లో 61 వేలుండి ఇప్పుడు 74 అంటే నమ్మాలా వద్దా మీ ఇష్టం. వెళ్ళేటప్పుడు ఒక స్కానరున్న మెకానిక్కునీ తీసుకెళ్ళండి. బండి కంప్యూటరులో లోపాల కోడ్లు లేవన్నంత మాత్రాన సరిపోదు, కోడ్లు తుడిచాక ఎంత దూరం తిరిగిందో కూడా చూపించమనండి. 12 కిలోమీటర్లు అని వస్తే నిన్నో మొన్నో ఎవరో తుడిచారన్నమాట. పెయింటు మందం కొలిచే గేజి అతని దగ్గరుంటే ఇంకా మంచిది. కంపెనీ పెయింటు 100, 130 మైక్రాన్ల చుట్టూ ఉంటుంది. 200 దాటితే మళ్ళీ రంగు వేశారు, 400 దాటితే కింద పుట్టీ ఉంది. బంపరు, ఫెండరు మీద రంగు వేయని చెన్నై కారు దొరకదు గానీ, రూఫు మీదా తలుపు స్తంభాల మీదా పుట్టీ ఉంటే వదిలేయండి.

పెట్రోలు విషయం కూడా అడుగుతారు. 2016 బండి 20 శాతం ఇథనాల్ పెట్రోలుకి తయారైంది కాదు, ఆ ప్రమాణంతో కార్లు వచ్చింది 2023 ఏప్రిల్ నుంచి. మైలేజీ కాస్త తగ్గుతుంది. పదేళ్ళ పెట్రోలు గొట్టాలు, సీళ్ళు పగుళ్ళిచ్చాయేమో చూసి మార్పించండి. వారాల తరబడి కదపకుండా ఉంచొద్దు.

కొన్న వారంలోనే చేయించాల్సినవి: ఇంజన్ ఆయిల్ మూడు లీటర్ల పైచిలుకు పడుతుంది, డిప్‌స్టిక్ చూసి పోయించండి. ఆయిల్ ఫిల్టరు, ఎయిర్ ఫిల్టరు, ఏసీ ఫిల్టరు, కూలెంట్, బ్రేక్ ఆయిల్, థ్రాటిల్ బాడీ క్లీనింగు. బిల్లు లేకపోతే ప్లగ్గులు కూడా. స్పేర్లకి జీపీ రోడ్డు వెళ్ళండి. పుదుపేటలో అద్దాలు, తలుపు హ్యాండిళ్ళు, ల్యాంపులు నిక్షేపంగా కొనుక్కోవచ్చు. బ్రేకు సామాన్లు, సీటు బెల్టులు, ఎయిర్‌బ్యాగులు మాత్రం అక్కడ కొనకండి.

డబ్బు మొత్తం ఇచ్చేముందు ఓనరు మార్పిడికి ఫారం 29, 30 మీద సంతకాలు, లోన్ ఉండుంటే బ్యాంకు ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), ఆర్సీలో లోన్ కొట్టేయించే ఫారం 35 చేతికి రావాలి. రవాణా శాఖ పరివాహన్ వెబ్‌సైటులో నంబరు కొట్టి పాత చలాన్లు చూసుకోండి. చెన్నైలోనే ఉంటారు కాబట్టి తమిళనాడు నంబరు అలాగే ఉంచుకోవచ్చు, నెలనెలా నెల్లూరు వెళ్ళొస్తే ఏమీ కాదు. బండిని అక్కడే ఉంచి 12 నెలలు దాటి వాడితే ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ తీసుకోవాలి. దానికి ఇక్కడి ఆర్టీఓ నుంచి ఎన్‌ఓసీ, అక్కడ మళ్ళీ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. బండి మీకు బదిలీ అయిన 14 రోజుల్లో ఇన్సూరెన్సు కూడా మార్పించుకోండి. అది మర్చిపోతే మీ బండి దెబ్బతిన్నప్పుడు క్లెయిమ్ రాదు.