బరోడా వెళ్తున్న అమ్ములుకి

చిరంజీవి అమ్ములుకి,

పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది.

బరోడా లలితకళల ఫ్యాకల్టీలో సీటు వచ్చిందని మీ నాన్నగారు ఫోను చేశారు. సంతోషంగానే చెప్పారు కానీ, చివర్లో గొంతు తగ్గించి, "బొమ్మలు వేయడం దానికి ఇప్పటికే వచ్చు కదా వదినా, మళ్ళీ రెండేళ్ళు అక్కడ ఏం నేర్పుతారు?" అని అడిగారు. అప్పటికప్పుడు జవాబు తోచలేదు. ఇప్పుడు నీకు రాస్తున్నాను, ఆయనకూ చదివి వినిపించు.

నీ డిగ్రీ ఆఖరి ప్రదర్శనకు నేను వచ్చిన రోజు గుర్తుందా? మిర్చి యార్డు నుంచి తెచ్చిన ఖాళీ గోతాలు పన్నెండు విప్పి, ఒకదానికొకటి కుట్టి, పైకప్పు నుంచి వేలాడదీశావు. గదిలో అడుగు పెట్టిన వాళ్ళందరికీ తుమ్ములే తుమ్ములు. గోడకు అంటించిన కాగితంలో మాత్రం "విస్థాపన, జ్ఞాపకం, దేహ రాజకీయాల మధ్య సంభాషణ" అని రాశావు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, తుమ్ముకుంటూ ఒక పెద్దమనిషి దాన్ని రెండుసార్లు చదివాడు. ఆ తుమ్ము గురించి నీ కాగితంలో ఒక్క మాట లేదు.

ఆ రోజు నీ పనిని అందరికంటే బాగా చూసింది గోతాలు ఆటోలో వేసుకొచ్చిన హమాలీ. తలెత్తి చాలాసేపు చూశాడు. "ఈ కుట్టు మాది కాదమ్మా. ఇలా కుడితే మిర్చి టిక్కీ, అదే బస్తా, ఎత్తగానే మూతి ఊడిపోతుంది, కాయంతా నేలపాలే" అన్నాడు. నువ్వు నవ్వి ఊరుకున్నావు. నేనైతే అక్కడికక్కడే ఆయన చేతికి దబ్బనం, పురికొస ఇచ్చి, ఎలా కుట్టాలో చూపించమని పక్కన కూర్చునేదాన్ని.

బరోడాలో నీకు రోజూ ఎదురయ్యే చిక్కు ఇదే. చేసిన పనికీ, దాని గురించి చెప్పే మాటకీ మధ్య ఎడం పెరిగిపోతుంది. సమకాలీన కళ చదువుల్లో కాన్సెప్ట్ నోటు, అంటే నువ్వు గోడకు అంటించిన లాంటి వివరణ కాగితం, రాయమంటారు. రాయక తప్పదు. కానీ పది మంది నోట్లు తీసుకుని పేర్లు కొట్టేసి చూడు, ఏది ఎవరిదో పోల్చుకోలేవు. గుర్తింపు, జ్ఞాపకం, దేహం, స్థలం. ఈ నాలుగు మాటలూ అందరి దగ్గరా ఉంటాయి, పెళ్ళి భోజనంలో అప్పడంలా. నువ్వు అవి పక్కన పెట్టి, ఏ వస్తువు వాడావు, ఎక్కడ దొరికింది, ఎంత పొడవు, ఎంత బరువు, ఎక్కడ చెడిపోయింది, చెడిపోయాక ఏం చేశావు అని రాయి. అర్థం సంగతి ఆఖరున చూసుకోవచ్చు, ఒక్కోసారి ఆ అవసరమే రాదు.

పాఠాలు ఇంగ్లీషులో ఉంటాయని బెంగ పడుతున్నావట. నోటు ఏదైనా ముందు తెలుగులో రాసి ఫోనులో మీ అమ్మకు చదువు. మా చెల్లెలు ఊరికే వినే మనిషి కాదు, "అంటే ఏమిటే?" అంటుంది. ఆ ప్రశ్నకు తట్టుకుని నిలిచిన వాక్యాలనే ఇంగ్లీషులోకి మార్చుకో.

నువ్వు వెళ్ళేది చిన్న చోటేమీ కాదు. ఆ లలితకళల ఫ్యాకల్టీ 1950లో మొదలైంది. చిత్రాలతో సరిపెట్టుకోకుండా కుడ్యచిత్రాలు, ఆటబొమ్మలు, పిల్లల పుస్తకాలు కూడా చేసిన కె.జి. సుబ్రమణ్యన్ అక్కడే పాఠాలు చెప్పారు. మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టిన కె. లక్ష్మా గౌడ్ 1960లలో ఆయన దగ్గర చదువుకుని, తిరిగొచ్చి ఊరి మేకలనూ పొదలనూ ఆడామగనూ ఎవరూ గీయని తెగువతో గీశారు. జి. రవీందర్ రెడ్డి కూడా బరోడాలో, ఆ తర్వాత లండన్‌లో చదివినవారే. ఫైబర్ గ్లాసులో ఆయన చేసినవి కొప్పులో పూలు తురుముకుని కళ్ళు విప్పార్చి చూసే ఆడవాళ్ళ తలలు, మనిషి కంటే ఎన్నో రెట్లు పెద్దవి. ఇవన్నీ చెప్పానని నువ్వూ ఊరి బొమ్మలే వేయాలనుకునేవు! అదొక ఊబి. కొనేవాళ్ళు ఉన్నారు కదా అని పెద్ద బొట్టూ ముక్కుపుడకా పెట్టిన బొమ్మనే ముప్పై ఏళ్ళుగా వేస్తున్న వాళ్ళను హైదరాబాదులో నీకు ఎంతమందినైనా చూపిస్తాను.

ఇక క్రిట్. అందరి ముందూ నీ పని పెట్టి ఒక్కొక్కరూ మాట్లాడతారు. నేను చదివిన చోట మొదటి ఏడాది నా ఎచింగ్ ఒకటి, అంటే లోహపు ప్లేటు మీద గీతలు యాసిడ్‌తో తొలిచి తీసిన అచ్చు, అలా పెట్టారు. ఒకరు నలుపు పెంచమన్నారు, ఒకరు తగ్గించమన్నారు, మరొకరు మూలన ఉన్న బావి తీసేయమన్నారు, ఇంకొకరు బావి ఒక్కటే ఉంచమన్నారు. బుద్ధిమంతురాలిని కదా, నెల రోజులు కూర్చుని అందరి మాటా విన్నాను. చివరికి ఆ ప్లేటు అరిగి అరిగి రేకులా తయారైంది. తర్వాతి క్రిట్‌లో వాళ్ళలోనే ఒకరు, "ఇది ఎవరి పని?" అని అడిగారు. హాస్టలుకు వెళ్ళి ఏడ్చాను.

ఇప్పుడైతే ఇలా చేస్తాను. నా పని మీద మాట్లాడుతున్నప్పుడు నోరు విప్పను. ఆ సమయంలో చెవులు పనిచేయవు కాబట్టి, అన్నీ రాసిపెట్టమని స్నేహితురాలికి పుస్తకం ఇస్తాను. నా కళ్ళు మాత్రం మనుషుల కాళ్ళ మీద ఉంటాయి. ఎక్కడ ఆగారు, ఎక్కడ వెనక్కి జరిగారు, ఏ మూలకు అసలు పోనే లేదు. ఆ పుస్తకాన్ని వారం తర్వాతే తెరుస్తాను. పరిష్కారం చెప్పిన వాళ్ళ మాట కొట్టేస్తాను, ఎక్కడో ఏదో ఇబ్బందిగా ఉందన్న వాళ్ళ మాట ఉంచుకుంటాను. ఇబ్బంది నిజమే అయి ఉంటుంది, దాన్ని సరిచేసుకోవలసింది నేను.

నీది పెయింటింగే అయినా, ప్రింట్ మేకింగ్ స్టూడియో వైపు తప్పకుండా వెళ్ళు. నా పక్షపాతం నాకుంది, ఒప్పుకుంటాను. జింకు ప్లేటుకు మైనపు పూత వేసి, సూదితో గీసి, పలచని నైట్రిక్ యాసిడ్‌లో దించుతారు. కాసేపటికి గీసిన గీతల వెంట సన్నటి బుడగలు బారులు తీరతాయి. వాటిని అలాగే వదిలేస్తే గీత సమంగా తెగదు. పక్షి ఈకతో మెల్లగా తోస్తూ ఉండాలి, పాల మీద మీగడ పక్కకు తోసినట్టు. ఆ అరగంటలో ఫోను చూడడానికి ఉండదు. యాసిడ్‌ను నీళ్ళలో పోయాలి గానీ నీళ్ళను యాసిడ్‌లో ఎప్పుడూ పోయకూడదు, మర్చిపోకు. కిటికీలు తెరిచే ఉంచు. ఫైబర్ గ్లాసు రుద్దే చోటికి మాస్కు లేకుండా వెళ్ళకు, నాతో చదివిన ఒకతని దగ్గు ఇప్పటికీ తగ్గలేదు.

ఈ ప్రింట్ మేకింగ్‌లోనే పేరు తెచ్చుకున్న కృష్ణారెడ్డి సంగతి చూడు. చిత్తూరు వైపు నందనూరులో 1925లో పుట్టిన ఆయన శాంతినికేతన్‌లో చదివి, తర్వాత పారిస్ చేరారు. రంగుల్లో నూనె పాళ్ళు మార్చితే ఒక రంగు మరో రంగును దగ్గరికి రానివ్వదు. దాన్ని ఆసరా చేసుకుని, మెత్తటి రోలరూ గట్టి రోలరూ వాడి, ఒకే ప్లేటు మీద నుంచి ఒకే అచ్చులో అనేక రంగులు తీసే పద్ధతిని అక్కడి తోటివారితో కలిసి రూపొందించారు. చేతికి రంగు అంటకుండా ఈ సంగతి ఎవరికైనా తట్టేదంటావా?

ప్రెస్సు నడిపే ఆయనతో, పోత పోసే ఆయనతో స్నేహంగా ఉండు. టీ ఇప్పించు.

డబ్బు సంగతి క్లుప్తంగా చెబుతాను. చదువు అవగానే బొమ్మలు అమ్ముడుపోతాయని మీ నాన్నగారికి చెప్పకు. భూపేన్ ఖఖ్ఖర్ అంతటి చిత్రకారుడు కూడా అదే బరోడాలో ఏళ్ళ తరబడి లెక్కలు రాసే ఉద్యోగం చేసుకుంటూ బొమ్మలు వేశాడు. ప్రతి పనినీ విప్పేయకముందే మంచి వెలుగులో ఫోటో తీసి, కొలతలు రాసి పెట్టుకో. గుమ్మం లోంచి బయటికి రానంత పెద్దది చేసేటప్పుడు ముందు గుమ్మం కొలుచుకో. నవ్వకు, నేను కొలుచుకోలేదు.

గోంగూర పచ్చడి సీసాతో పాటు ఒక దబ్బనం పెట్టి పంపిస్తున్నాను. రైలెక్కేలోపు ఒక పూట యార్డుకు వెళ్ళి, ఆ హమాలీని వెతికి పట్టుకుని, మూతి కుట్టడం నేర్చుకో. పొద్దున్నే వెళ్ళు, ఎండెక్కితే ఆ ఘాటుకు నిలబడలేవు.

ఉంటాను,
పెద్దమ్మ