వేసవి సెలవుల్లో పిల్లలకు సినిమాలు మాన్పించి క్యాంపులో చేర్చాలా?

ఎనిమిదేళ్ళ అబ్బాయి సెలవులు మొదలైనప్పటి నుంచి ఫోనులో సినిమాలే చూస్తున్నాడని, అవి మాన్పించి బొమ్మలు, మట్టిపని, పాటలు నేర్పే సమ్మర్ క్యాంపులో చేర్చడం మేలా అని ఒక తల్లి అడిగారు. ఫీజు కూడా బాగా ఎక్కువగానే ఉందని రాశారు.

అమ్మా, సినిమాలు మాన్పించకండి. ఫోను మాన్పించండి. ఆ క్యాంపు ఫీజు కట్టేముందు నేను చెప్పేది ఒకసారి వినండి. పెద్దపల్లి జిల్లాలో డ్రాయింగ్ టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. వేసవి సెలవుల్లో బడి హాలులో పిల్లలను కూర్చోబెట్టి సినిమాలు చూపించడం, ఆ తర్వాత వాళ్ళ చేతికి కాగితాలు, కత్తెరలు ఇవ్వడం నాకు ఉద్యోగంలో ఉన్నప్పటి నుంచీ అలవాటు. సినిమా చూడటం ఒకటి, చేతులతో ఏదైనా చేయడం మరొకటి అనుకోవడం దగ్గరే మనం దారి తప్పుతున్నాం. పిల్లలకు ఆ రెండూ ఒకే పని. నాలుగేళ్ళ పిల్ల కూడా సినిమా చూసి వచ్చాక తువ్వాలు మెడకు కట్టుకుని మంచం మీద నుంచి దూకుతుంది. ఆ దూకడమే సృజన. దానికి కాస్త చోటు, కాస్త సామాను ఇస్తే చాలు.

ఒక వేసవిలో జరిగింది చెబుతాను.

మా వైపు ఇటుక బట్టీలు ఎక్కువ. ఒడిశాలోని బలంగీర్, నువాపడా ప్రాంతాల నుంచి కుటుంబాలు దీపావళి దాటాక వచ్చి, బట్టీ దగ్గరే గుడిసెలు వేసుకుని, తొలకరికి ముందు తిరిగి వెళతాయి. వాళ్ళ పిల్లలు మే నెలలో ఇంకా ఇక్కడే ఉంటారు. సినిమా వేస్తున్నారని తెలిసి వాళ్ళలో కొందరు వచ్చి గుమ్మం దగ్గర నిలబడేవారు. తెలుగు రాదు. లోపలికి రమ్మంటే సిగ్గు. అందుకని ఆ సాయంత్రం మాటలతో పనిలేని సినిమా పెట్టాలనుకుని, 1956 నాటి ఫ్రెంచి సినిమా 'ది రెడ్ బెలూన్' వేశాను. ముప్పై నాలుగు నిమిషాలు. అందులో మాటలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. అలాంటి సినిమాకు స్క్రీన్‌ప్లేకు ఆస్కార్ ఇచ్చారంటే, కథ చెప్పడానికి మాటలు ఎంత తక్కువ కావాలో ఆలోచించండి. పారిస్‌లో ఒక చిన్న పిల్లవాడికి దీపస్తంభానికి కట్టి ఉన్న ఎర్ర బెలూన్ దొరుకుతుంది. అది వాడి వెంటే తిరుగుతుంది, బడికి వస్తుంది, వాన పడితే దారిన పోయేవాళ్ళ గొడుగుల కిందికి చేరుతుంది. వీధి పిల్లలకు అసూయ పుట్టి వెంటపడతారు.

వాళ్ళు ఉండేలుతో కొట్టారు. బెలూన్‌లో గాలి పోతోంది, పైన చిన్న చిన్న బుడిపెలు లేస్తున్నాయి, మెల్లగా కిందికి దిగుతోంది. హాలులో చప్పుడు లేదు. సరిగ్గా అప్పుడు గాలివాన వచ్చి కరెంటు పోయింది.

వాన తగ్గేదాకా ఎవరూ ఇంటికి పోలేదు. చీకట్లోనే వాదన మొదలైంది. బెలూన్ చచ్చిపోయిందని కొందరు, అలా ఎలా చస్తుంది, సినిమా ఇంకా అయిపోలేదు కదా అని కొందరు. వాళ్ళలో ఒక అమ్మాయి తండ్రికి ఊళ్ళో సైకిలు పంక్చర్ల దుకాణం ఉంది. ఆ పిల్ల ఉన్నట్టుండి లేచి, "చిల్లే కదా పడింది? మా నాన్న దగ్గరికి తెస్తే అతుకు వేసి ఇచ్చేవాడు" అంది. ఎవరూ నవ్వలేదు. అందరికీ ఆ మాట న్యాయంగా తోచింది.

మర్నాటికీ కరెంటు రాలేదు. స్తంభాలు ఒరిగిపోయాయి. పిల్లలు మాత్రం వచ్చారు. మిగతా కథ మనమే ఆడదామన్నారు. తెరగా కట్టిన తెల్ల పంచె అలాగే ఉంది. దాని వెనుక ఫోను టార్చి పెట్టుకుని నీడబొమ్మలు ఆడించాలని తేల్చారు. ట్యూబులైటు రకం చార్జింగు లైటుకు నీడ మసకగా పడుతుంది, ఫోను టార్చి చిన్న చుక్క కాబట్టి నీడ పదునుగా పడుతుంది. ఇది వాళ్ళు రెండూ పెట్టి చూసి కనిపెట్టిందే, నేను చెప్పలేదు. పాత శుభలేఖల అట్టలు కత్తిరించి మనుషులను చేశారు. కొబ్బరి ఈనెలు కట్టి, మైదా జిగురుతో అతికించారు.

చిక్కు బెలూన్ దగ్గర వచ్చింది. అట్టతో గుండ్రంగా కత్తిరించి పట్టుకుంటే తెర మీద నల్లగా పడింది. ఎర్ర రంగు వేశారు, అయినా నలుపే. నల్ల బెలూన్ వద్దని ఒకరు, నీడలో అన్నీ నలుపేనని ఇంకొకరు. మన తోలుబొమ్మల్లో రంగులు ఎలా కనిపిస్తాయో చెప్పాలని నోటిదాకా వచ్చింది. మేకతోలును పల్చగా, వెలుతురు దూరేలా శుభ్రం చేస్తారు కాబట్టి రంగు దీపపు వెలుగులో తెర మీద పూస్తుంది. శ్రీ సత్యసాయి జిల్లా నిమ్మలకుంటలో ఇప్పటికీ ఆ బొమ్మలు చేస్తున్నారు. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఇవన్నీ చెప్పగలిగేదాన్నే. చెప్పకుండా ఆగాను.

గుమ్మం దగ్గర నిలబడే ఒడిశా పిల్లల్లో తొమ్మిది, పదేళ్ళ అబ్బాయి ఒకడు ఇదంతా చూస్తున్నాడు. మాట అర్థం కాకపోయినా చిక్కేమిటో అర్థమైంది. బయటికి పరుగెత్తి ఎక్కడి నుంచో ఎర్ర పాలిథిన్ సంచి తెచ్చాడు. ఈనెను గుండ్రంగా వంచి, దాని మీద సంచి ముక్కను బిగించి కట్టి, టార్చి ముందు పెట్టాడు. పంచె మీద ఎర్రగా, వెలుగుతూ బెలూన్ పడింది. ఆ హాలులో లేచిన కేక నాకిప్పటికీ చెవుల్లో ఉంది. బెలూన్ ఆడించే పని ఇక వాడిదే అన్నారు. టార్చికి దగ్గరగా తెస్తే నీడ పెద్దదవుతుందని, తెర దగ్గరికి తీసుకెళితే చిన్నదవుతుందని వాడికి కాసేపట్లోనే తెలిసింది. బెలూన్ ఊరి మీదుగా ఎగిరి మన మీదికి వచ్చేస్తున్నట్టు చూపించాడు. పిల్లలు "పైకి, ఇంకా పైకి, దించు" అని అరుస్తుంటే ఆ సాయంత్రమే ఆ తెలుగు మాటలన్నీ వచ్చేశాయి.

ఇంతకీ వాళ్ళ కథ ఏమిటంటే, చిల్లుపడ్డ బెలూన్‌ను పిల్లవాడు పంక్చర్ల దుకాణానికి తెస్తాడు. దుకాణదారు దాన్ని నీళ్ళ తొట్టిలో ముంచుతాడు. బుడగలు వచ్చిన చోట వేలు పెడతాడు. ఆకురాయితో రుద్ది, సొల్యూషన్ రాసి, ఊది ఆరబెట్టి, అతుకు వేస్తాడు. ఇందులో ఒక్క మెట్టు కూడా వదలడానికి ఆ అమ్మాయి ఒప్పుకోలేదు. ఎర్ర బెలూన్ మీద నల్లటి అతుకుతో మళ్ళీ పైకి లేచింది. చూడటానికి బట్టీ దగ్గరి పెద్దవాళ్ళూ వచ్చారు.

కరెంటు వచ్చాక అసలు సినిమా మిగతా భాగం వేశాను. ఆఖరున పారిస్‌లోని బెలూన్లన్నీ వచ్చి ఆ పిల్లవాడిని ఆకాశంలోకి ఎత్తుకుపోతాయి. ప్రపంచమంతా మెచ్చుకున్న ముగింపు అది. మా పంక్చర్ల అమ్మాయి మాత్రం ఒప్పుకోలేదు. "టీచర్, వాడి బెలూన్ నేల మీదే పడి ఉంది కదా. దాన్ని అక్కడే వదిలేసి వేరే వాటితో వెళ్ళిపోయాడేమిటి?" అని అడిగింది. ఎంతో పేరున్న సినిమాను అంత సూటిగా నిలదీయడం ఏ క్యాంపులో నేర్పుతారు? కరెంటు పోకపోతే ఆ ప్రశ్న పుట్టేది కాదని నా నమ్మకం. చేతులు కథలోకి దిగాక గాని పిల్లలకు దాని మీద అధికారం రాదు.

క్యాంపుల మీద నాకున్న కోపం ఇక్కడ చెప్పకుండా ఉండలేను. నేను చూసిన క్యాంపుల్లో చాలావాటిలో మొదటి రోజే అందరికీ ఒకే బొమ్మ ఇస్తారు, ఒకే రంగులు వేయిస్తారు. ఆఖరి రోజు సర్టిఫికెట్టు, మెడలో పతకం, ఫోటో. తల్లిదండ్రులకు చూపించడానికే అదంతా. మొదటి బహుమతి అన్న మాట వినపడగానే పిల్లలు పక్కవాడి కాగితం చూడటం మొదలుపెడతారు. అలాంటి చోట ఎర్ర సంచి తెచ్చినవాడిని ఎవరు పట్టించుకుంటారు? వాడికి ఫీజు ఎవరు కడతారు? పోనీ బళ్ళలోనైనా నేర్పుతారా అంటే, నేను పనిచేసిన చోట్ల డ్రాయింగ్ టీచరు రిటైరయ్యాక ఆ స్థానంలో మరొకరు రావడం చూడలేదు. ఆ పీరియడ్ లెక్కలకు పోతుంది.

మరో జబ్బు నీతి అడగడం. సినిమా అయిపోయీ కాకముందే "దీని వల్ల ఏం నేర్చుకున్నావు?" అంటారు. పిల్లలకు ఆ ఆట తెలుసు. "పెద్దల మాట వినాలి" అనేసి తప్పించుకుంటారు. వాళ్ళు నిజంగా ఏమనుకున్నారో ఇక ఎప్పటికీ బయటికి రాదు. దయచేసి అడగకండి. ఏ సన్నివేశం మళ్ళీ చూడాలనుందో అడగండి, చాలు.

మన దగ్గర పిల్లల సినిమా లేదనే వాళ్ళు కొందరు ఉంటారు. లేకపోవడమేమిటి? నెహ్రూ గారి చొరవతో 1955లోనే చిల్డ్రన్స్ ఫిల్మ్ సొసైటీ ఏర్పడింది. అది ఎన్నో భాషల్లో సినిమాలు తీసింది. అంతా పిల్లలే నటించిన మన 'రామాయణం' 1997లో విడుదలైంది, ఉత్తమ బాలల చిత్రంగా జాతీయ పురస్కారం పొందింది. రాముడి వేషం వేసిన జూనియర్ ఎన్టీఆర్ ఈనాడు ఎక్కడున్నారో అందరికీ తెలుసు. చిల్డ్రన్స్ ఫిల్మ్ సొసైటీ నడిపిన అంతర్జాతీయ బాలల చలనచిత్రోత్సవానికి హైదరాబాద్ ఎన్నో ఏళ్ళు వేదికగా ఉండేది. బంగారు ఏనుగు దాని గుర్తు. 2017లో ఇరవయ్యో ఉత్సవమూ అక్కడే జరిగింది. 2022లో ఆ సొసైటీని జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థలో కలిపేశారు. ఆ ఉత్సవం రెండేళ్ళకోసారి, నవంబరులో, రాజధానిలో జరిగేది. అది ఏటా, వేసవిలో, జిల్లా జిల్లాలో జరగాలి. నవంబరులో పిల్లలకు యూనిట్ పరీక్షల గొడవ. వేసవిలో ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 దాకా సెలవులంటే 49 రోజులు. మండలానికొక హాలులో వారానికొక సినిమా వేస్తే ఏడు సినిమాలు అవుతాయి. ప్రొజెక్టరు ఉన్న ఉన్నత పాఠశాలలు ఇప్పుడు చాలానే ఉన్నాయి. చేయాలన్న మనసు లేక జరగడం లేదు.

ఉన్నవాటిని వాడుకోండి. మీది హైదరాబాద్ అయితే పబ్లిక్ గార్డెన్స్‌లో జవహర్ బాలభవన్ ఉంది, వేసవిలో తక్కువ రుసుముకే బొమ్మలు, పాటలు, నాట్యం నేర్పుతారు. ఆంధ్రప్రదేశ్‌లో అయితే ప్రభుత్వ గ్రంథాలయాల్లో వేసవి విజ్ఞాన శిబిరాలు పెడతారు, కథలు చదివిస్తారు, కాగితం బొమ్మలు చేయిస్తారు. అక్కడికి రకరకాల ఇళ్ళ పిల్లలు వస్తారు. డబ్బు కట్టి కొనుక్కునే క్యాంపులో అది దొరకదు.

ఇవేవీ దగ్గరలో లేకపోతే మీరే మొదలుపెట్టండి. మీ అబ్బాయి ఒక్కడికే కాదు, వీధిలో పిల్లలందరికీ. ఒంటరిగా ఫోనులో చూసిన సినిమా పిల్లవాడికి సగమే చేరుతుంది, ఈ మాట మీద ఎవరితోనైనా వాదిస్తాను. నలభై నిమిషాలు దాటని సినిమా ఎంచుకోండి. మాటలు తక్కువైతే చిన్నవాళ్ళకూ అందుతుంది. పొద్దు గూకాక వేయండి, లేకపోతే తెర మీద ఏమీ కనపడదు. పాత శుభలేఖలు, ఈనెలు, మైదా జిగురు, మొండి మొన కత్తెరలు, రంగు పాలిథిన్ ముక్కలు ఒక పెట్టెలో పెట్టి మధ్యలో ఉంచండి. ఇది చేయండి అని చెప్పవద్దు. పిల్లలు ఆడిస్తున్నప్పుడు ఫోను ఎత్తి వీడియో తీయవద్దు, తీశారా, వాళ్ళు కథ వదిలేసి మీ వైపు చూస్తారు. బహుమతులు అసలే వద్దు. పెట్టెలో సామాను అయిపోతే పిల్లలే తెచ్చుకుంటారు.

బడి హాలు కావాలంటే హెడ్‌మాస్టరు గారిని ఏప్రిల్ 23 లోపే కలిసి తాళంచెవి అడగండి. సెలవులు మొదలయ్యాక ఆయన ఊళ్ళో ఉండకపోవచ్చు. ఈసారికి ఆ గడువు దాటిపోతే మీ డాబా మీద పంచె కట్టండి. పక్కింటి వాళ్ళకు, ఎదురింటి వాళ్ళకు, ఆ వీధి చివర కట్టడం పని చేసేవాళ్ళ పిల్లలకు మీరే వెళ్ళి చెప్పి రండి.