ఎన్నారై సందేహాలు: అమ్మకి ఇప్పుడే చెప్పాలా?

ప్రశ్న: డల్లాస్ వచ్చి ఎనిమిది నెలలైంది, హెచ్4 వీసా (మావారి ఉద్యోగ వీసా మీద ఆధారపడింది) మీద ఉన్నాను. పోయిన వారం బయాప్సీలో రొమ్ము క్యాన్సర్ అని తేలింది. రెండో స్టేజి అన్నారు. ఇన్సూరెన్సు ఎంత ఇస్తుందో, మావారికి సెలవు దొరుకుతుందో లేదో తెలియడం లేదు. ఊళ్ళో అమ్మావాళ్ళకి ఇప్పుడే చెప్పాలా?

జవాబు: అమ్మాయీ, డబ్బు సంగతి ముందు తేల్చేస్తా. హాస్పిటల్ మీ ఇన్సూరెన్సు నెట్‌వర్క్‌లో ఉందా, ఏడాది మొత్తంలో మీ చేతి నుంచి మహా అయితే ఎంత పడుతుంది అని కార్డు వెనక నంబరుకి ఫోన్ చేసి అడుగు. ఇంట్లోవాళ్ళ జబ్బుకి చట్టప్రకారం ఇచ్చే జీతం లేని 12 వారాల సెలవుకి మీ ఆయన ఆ కంపెనీలో చేరి ఏడాది నిండాలి. మిగతాది హెచ్ఆర్ వాళ్ళు చెప్తారు. మీ తరానికి ఫోన్లో దొరకనిది లేదు కదా! నువ్వు చివర్లో అడిగావే, అసలు ప్రశ్న అదీ.

2011లో నాకు నలభై ఒకటి, న్యూజెర్సీలో ఎడిసన్‌లో ఉంటున్నాం. స్నానం చేస్తుంటే చేతికి బఠాణీ గింజంత తగిలింది. తెనాలిలో అమ్మకి చెప్పలేదు. ఇక్కడి మనవాళ్ళకీ చెప్పలేదు. ఎందుకంటావ్? రేపు నా కూతురికి సంబంధాలు రావేమోనని. దానికప్పుడు ఎనిమిదేళ్ళు!

నాకు ముందు కీమో పెట్టారు. మొదటి నాలుగు విడతల్లో ఒక ఎర్రమందు ఉంటుంది, అది ఎక్కించిన రోజు మూత్రం కూడా ఎర్రగా వస్తుంది. నర్సు ముందే చెప్పినా, నా ఇంగ్లీషుకి సగమే అర్థమై, ఇంటికొచ్చి బాత్రూంలో ఏడ్చాను. (దుబాసీని ఉచితంగా ఇస్తారు, మొహమాటపడకుండా అడుగు.) మూడో వారానికి దువ్వెన నిండా జుట్టు. అమ్మ స్కైప్‌లోకి రమ్మంటే కెమెరా పాడైందన్నాను. ఆర్నెల్లు పాడైపోయే ఉందది. తాలింపు వాసన పడేది కాదు, నోరంతా పుళ్ళు. ఫోన్లో మాత్రం గోంగూర పచ్చడి చేశానని కోతలు.

ఒక రాత్రి నూట ఒకటి జ్వరం. ఎవర్నీ లేపడం ఎందుకని టైలినాల్ (జ్వరం మాత్ర) వేసుకుని పడుకున్నా. పొద్దున్న మా పక్కింటి గుజరాతీ బామ్మ నా మొహం చూసి, వద్దన్నా వినకుండా ఎమర్జెన్సీకి లాక్కెళ్ళింది. తెల్ల కణాలు అడుగంటాయన్నారు. కీమోలో ఉండగా జ్వరం 100.4 గానీ, అంతకన్నా ఎక్కువగానీ ఉంటే అర్ధరాత్రయినా సరే హాస్పిటల్‌కి ఫోన్ చెయ్యాలి, మాత్రతో అణచకూడదు. నాకిచ్చిన కాగితంలో ఉందట ఆ ముక్క. నేను చదవలేదు.

ఆపరేషన్, రేడియేషన్ గురించి పెద్దగా చెప్పను. రోజూ వెళ్తావు, అలిసిపోతావు, చర్మం కములుతుంది. అక్కడైనా నలుగురు కనిపిస్తారు. అన్నీ అయ్యాక, చికిత్స ముగిసిందనడానికి గుర్తుగా నన్ను గంట కొట్టమన్నారు, అందరూ చప్పట్లు కొట్టారు. మర్నాటి నుంచి మావారు ఆఫీసుకి, పాప బడికి. ఇంట్లో నేనూ, జబ్బు మళ్ళీ రాకుండా వాడే టామాక్సిఫెన్ మాత్రల సీసా. ఒంట్లోంచి ఆవిర్లు. నడుం నొప్పొస్తే చాలు, మళ్ళీ వచ్చిందేమో! నా ఒంటరితనం మొదలైంది అప్పుడు, కీమోలో కాదు. జబ్బనే చెప్పనిదాన్ని, తగ్గాక భయంగా ఉందని ఎవరికి చెప్పుకోను?

జుట్టు మెడదాకా పెరిగాక ఇండియా వెళ్ళా. అమ్మ తలకి నూనె పెడుతూ చెయ్యి ఆపింది. "నీ జుట్టు ఎప్పుడూ ఇలా రింగులు తిరగలేదే" అంది. చెప్పాను. తిట్టలేదు. రెండ్రోజులు నాతో మాట్లాడలేదు, అన్నం మాత్రం కలిపి పెట్టింది.

మీ అమ్మగారు భయపడతారు, ఏడుస్తారు, నిజమే. విజిటర్ వీసాకి ఇప్పుడే అప్లై చేయించు. ఒక్కరే వచ్చేట్టయితే కీమో మొదట్లో కాకుండా చివర్లో రమ్మను, గంట కొట్టాక కూడా నెలా రెండు నెలలు ఉండేలా చూసుకో. నీకు రాత్రి ఎనిమిదంటే అక్కడ పొద్దున్న ఆరున్నర, చలికాలంలో అయితే ఏడున్నర. ఆవిడ కాఫీ తాగేదాకా ఆగి ఫోన్ చెయ్యి. కెమెరా ఆన్ చేసే.