బీపీ లేని మనిషికి బీపీ మాత్ర ఎందుకు?

ప్రశ్న: మా నాన్నగారికి 68 ఏళ్లు. రెండేళ్లుగా గుండె వైఫల్యంతో బాధపడుతున్నారు. బీపీ 110/70 దాటదు. అయినా డాక్టరుగారు రామిప్రిల్ రాశారు; అది ఇన్‌ఫ్లమేషన్‌ను కూడా తగ్గిస్తుందన్నారు. కాళ్ల వాపు మాత్రం తగ్గలేదు. ఈ మాత్ర అవసరమేనా? వాపు తగ్గడానికి ఇంకేదైనా మందు వాడవచ్చా?

జవాబు: కాళ్లలో నీరు చేరడాన్నీ, ఇన్‌ఫ్లమేషన్‌నూ మనం వాపు అనే అంటాం గనుక ఈ తికమక వచ్చింది. మీ నాన్నగారి కాళ్లలో చేరింది నీరు. చీలమండ దగ్గర వేలితో నొక్కి తీస్తే కాసేపు గుంట నిలిచిపోవడం దాని గుర్తు. దానికి ఫ్యూరోసిమైడ్ వంటి, మూత్రం ఎక్కువగా వచ్చేలా చేసే మందులు వేరే ఉన్నాయి. డాక్టరుగారు చెప్పిన ఇన్‌ఫ్లమేషన్, అంటే ఒంటి రక్షణ వ్యవస్థ రెచ్చిపోయి లోపలి కణజాలాన్ని దెబ్బతీయడం, పైకి కనిపించేది కాదు.

గుండె రక్తాన్ని సరిగా పంప్ చేయలేనప్పుడు మూత్రపిండాలు రెనిన్ అనే ఎంజైమును విడుదల చేస్తాయి, దాని ఫలితంగా యాంజియోటెన్సిన్-2 అనే పదార్థం పెరుగుతుంది. అది రక్తనాళాలను బిగించి, ఉప్పునూ నీటినీ ఒంట్లో నిలిపివేయడంతో ఊరుకోదు. కణాలను రెచ్చగొట్టి టీఎన్‌ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-6 వంటి ఇన్‌ఫ్లమేషన్ కారకాలను పుట్టిస్తుంది, గుండె కండరంలో నారలాంటి కణజాలం పేరుకోవడానికి కూడా దోహదం చేస్తుంది. రామిప్రిల్ యాంజియోటెన్సిన్-2 తయారీనే తగ్గిస్తుంది. వల్సార్టాన్ వంటివి అది కణాలకు అంటుకునే చోట అడ్డుపడతాయి.

అయితే ఈ మందుల మేలంతా ఇన్‌ఫ్లమేషన్ తగ్గడం వల్లనే అనలేం. టీఎన్‌ఎఫ్‌ను నేరుగా అడ్డుకునే ఎటనర్సెప్ట్, ఇన్‌ఫ్లిక్సిమాబ్ మందులను గుండె వైఫల్యంలో పరీక్షించినప్పుడు రోగులకు ప్రయోజనం కలగలేదు సరికదా, ఇన్‌ఫ్లిక్సిమాబ్ పెద్ద మోతాదు తీసుకున్నవారికి జబ్బు ముదిరింది. రామిప్రిల్ కోవకే చెందిన ఎనలాప్రిల్ మాత్రం, 1987లో వెలువడిన పరీక్షలో, తీవ్ర గుండె వైఫల్యం ఉన్నవారిలో ఆరు నెలల మరణాలను 40 శాతం తగ్గించింది. కాబట్టి మీ నాన్నగారికి ఇది బీపీ మాత్ర కాదు, గుండె మాత్ర. లేచి నిలబడినప్పుడు కళ్లు తిరిగినా, పొడిదగ్గు వదలకపోయినా డాక్టరుగారికి చెప్పండి; మీ అంతట మీరు ఆపవద్దు. పొటాషియం, క్రియాటినిన్ పరీక్షలు చెప్పిన గడువుకు చేయించండి.

ఇక మీ చివరి ప్రశ్నే నన్ను ఎక్కువ కలవరపెట్టింది. వాపు తగ్గుతుందని ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు ఇవ్వకండి. అవి ఉప్పునూ నీటినీ ఒంట్లో నిలిపి గుండె వైఫల్యాన్ని పెంచుతాయి, రామిప్రిల్‌తో కలిస్తే మూత్రపిండాలనూ దెబ్బతీయవచ్చు. రోజూ ఉదయం మూత్రానికి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందే ఆయన బరువు చూసి రాసిపెట్టండి. మూడు రోజుల్లో రెండు కిలోలకు మించి పెరిగితే ఆ కాగితం తీసుకుని వెంటనే డాక్టరుగారిని కలవండి.