కత్తుల ప్రదర్శనకు తొలిసారి వెళ్ళేవారికి ఒక కమ్మరి కొడుకు చెప్పే మాట

శ్రీకాకుళం నుంచి వెళ్ళి అట్లాంటాలో చదువుకుంటున్న మీరు, వచ్చే జూన్‌లో అక్కడ జరిగే బ్లేడ్ షో అనే కత్తుల ప్రదర్శనకు తొలిసారి వెళ్ళబోతున్నానని, అక్కడ ఎలా మెలగాలో, ఏది చూసి కొనాలో, కొన్నదాన్ని ఇంటికి తెచ్చుకోవచ్చో లేదో చెప్పమని అడిగారు. నేను 2019 జూన్‌లో మా అమ్మాయి ఇంట్లో ఉన్నప్పుడు ఆ ప్రదర్శనకు వెళ్ళాను. అప్పుడది అట్లాంటా శివారులోని కాబ్ గలేరియా సెంటర్‌లో శుక్రవారం నుంచి ఆదివారం వరకు మూడు రోజులు జరిగింది. నేను మొదటి రోజూ, చివరి రోజూ వెళ్ళాను. మాది విజయనగరం. మా నాన్నగారు బొబ్బిలి దగ్గరి పల్లెలో కమ్మరి పని చేసేవారు, నేను ఐ.టి.ఐ.లో ఫిట్టర్ ట్రేడ్ బోధించి పదవీ విరమణ చేశాను. కాబట్టి నేను కత్తులను సేకరించేవాడిగా కాక, కొలిమి పక్కన పెరిగినవాడిగా అక్కడ తిరిగానని ముందే తెలుసుకోండి.

అన్నిటికంటే ముందు చెప్పవలసింది ఒక్కటే. బల్ల దగ్గర నిలబడి మొదట ధర అడగకండి. "దీనికి పదును ఎలా పెట్టారు?" అని అడగండి. కమ్మరి మాటలో పదును పెట్టడమంటే నూరడం కాదు, సాన పట్టడం అంతకంటే కాదు. ఉక్కును కాల్చి, ముంచి, మళ్ళీ కొద్దిగా కాచి, దానికి గట్టిదనాన్నీ ఓర్పునూ కలిపి ఇవ్వడం. ఈ ప్రశ్నకు కత్తి చేసినవాడి ముఖం వికసిస్తుంది, ఎవరో చేసినది తెచ్చి అమ్మేవాడు మాట మారుస్తాడు. మూడు రోజులు తిరిగినా ఇంతకంటే మంచి గీటురాయి మీకు దొరకదని నా నమ్మకం.

ఆ ప్రశ్నకు వచ్చే జవాబు అర్థం కావాలంటే కొంత తెలిసి ఉండాలి. కార్బన్ ఉక్కును కాలుస్తూ పోతే సుమారు 770 డిగ్రీల సెల్సియస్ దగ్గర అది అయస్కాంతానికి అంటడం మానేస్తుంది. చాలామంది కమ్మరులు కొలిమి పక్కన ఒక అయస్కాంతం పెట్టుకునేది ఇందుకే. ఆ వేడికి ఇంకొంచెం పైకి తీసుకెళ్ళి, ఒక్కసారిగా నూనెలోనో నీటిలోనో ముంచితే ఉక్కు గాజులా గట్టిపడుతుంది, కానీ గాజులాగే పెళుసుగానూ ఉంటుంది. అందుకని దాన్ని మళ్ళీ 200 డిగ్రీల ప్రాంతంలో గంటో రెండు గంటలో కాచి ఆ పెళుసుదనాన్ని తగ్గిస్తారు. మా నాన్నగారి దగ్గర థర్మామీటరు ఉండేది కాదు. ముంచి తీసిన ఇనుమును ఇసుకతో ఒకచోట రుద్ది మెరిపించి, మళ్ళీ సెగకు పట్టి, ఆ మెరుపు మీద పాకే రంగును చూసేవారు. వరిగడ్డి రంగు రాగానే కొడవలిని తీసేసేవారు. గొడ్డలిని మాత్రం రంగు ఊదాకు తిరిగేదాకా ఉంచేవారు, ఎందుకంటే గొడ్డలి దెబ్బకు ఓర్చుకోవాలి. అట్లాంటాలో విద్యుత్ కొలుములు వాడే యువకుడు ఒకరు తన కత్తికి లోహాల గట్టిదనాన్ని కొలిచే రాక్‌వెల్ కొలతలో 60 దాకా ఉందని చెప్పి, ఎంతసేపు ఎంత వేడిలో ఉంచాడో పుస్తకంలో రాసుకున్నది తెరిచి చూపించాడు. నాన్నగారు రంగులో చదివినదే అతను అంకెల్లో చదువుతున్నాడని నాకు అనిపించి, ఆ బల్ల దగ్గరే అరగంట ఉండిపోయాను.

ఇక మెలగవలసిన తీరు. బల్ల మీది కత్తిని అడగకుండా ముట్టుకోకూడదు. అనుమతి ఇచ్చాక కూడా పిడినే పట్టుకోవాలి; అలుగు, అంటే కోసే భాగం, మీద వేలు పెడితే చర్మపు చెమటా జిడ్డూ అంటి కార్బన్ ఉక్కుకు తుప్పు పడుతుంది, అందుకే చేసినవారు మీరు చూసి పెట్టిన ప్రతిసారీ గుడ్డతో తుడుస్తారు. దాన్ని తప్పుగా అనుకోవద్దు. మడత కత్తిని చేతి విసురుతో తెరవడం, చేతి మీది వెంట్రుకలు గొరిగి అంచు వాడితనం చూడడం వద్దు. ఫోటో తీయాలన్నా అడిగి తీయండి. వేరొకరు బేరం మాట్లాడుతుంటే ఒక అడుగు వెనక్కి నిలబడండి. మా ఇళ్ళలో కత్తిని చేతి నుంచి చేతికి అందించరు, కింద పెడితే అవతలివారు తీసుకుంటారు. నేను ఆ అలవాటు కొద్దీ చూసిన ప్రతి కత్తినీ తీసిన చోటే బల్ల మీద పెట్టాను, అక్కడ కూడా కోరుకునేది సరిగ్గా అదే. వారి ఆచారం ఒకటి నాకు నచ్చింది: కత్తిని కానుకగా ఇస్తే స్నేహం తెగకుండా ఉండాలని పుచ్చుకున్నవారు ఒక చిన్న నాణెం తిరిగి ఇస్తారు.

బేరం విషయంలో మన విజయనగరం గంటస్తంభం బజారు పద్ధతి అక్కడ చెల్లదు. ఒక్క మనిషి వారాల తరబడి కూర్చుని చేసిన వస్తువుకు మొదటి రోజు ఉదయమే సగం ధర అడగడం మర్యాద కాదు. పేరున్నవారి కత్తులు శుక్రవారం తలుపులు తెరిచిన కొద్దిసేపటికే అయిపోతాయి. కొందరైతే కొనదలచినవారి పేర్లు చీటీల మీద రాయించి, పెట్టెలో వేయించి, చీటీ తీసి అమ్ముతారు. ఆదివారం మధ్యాహ్నం మాత్రం మిగిలిన సరుకును మోసుకుపోవడం ఇష్టంలేక కొందరు తామే తగ్గిస్తారు. నగదు చిన్న నోట్లలో దగ్గర ఉంచుకోండి. ఎంత ఖర్చు పెట్టాలో ఇంట్లోనే నిర్ణయించుకుని వెళ్ళండి.

నేను చేసిన పొరపాటు కూడా చెప్పాలి, ఎందుకంటే మీ ప్రశ్నలో "డమాస్కస్ కత్తి కొనాలని ఉంది" అన్న మాట ఉంది. మొదటి రోజు ఒక బల్ల మీద అలుగంతా నీటి అలల్లాంటి గీతలున్న కత్తులు గుట్టగా పోసి ఉన్నాయి. ధర తక్కువ, ఒంటె ఎముక పిడి, చేసినవారి పేరు ఎక్కడా లేదు. ఏ ఉక్కులు కలిపారని అడిగితే "మంచి డమాస్కస్" అన్నదే జవాబు. ముప్పై ఏళ్ళు ఆకురాయి పట్టిన నేను ఆ గీతల అందానికి లోబడి కొన్నాను. ఇంటికి తెచ్చి గుమ్మడికాయ కోస్తే అంచు మడతపడింది. తరువాత ఆకురాయితో గీసి చూస్తే మెత్తని ఇనుములా అరిగిపోయింది. చూపుకు చేసిన అలంకారమే తప్ప దానికి పదును పెట్టనే లేదు.

అందుచేత డమాస్కస్ అనే మాట వెనక ఉన్న రెండు వేర్వేరు సంగతులు తెలుసుకుని వెళ్ళండి. నేడు ప్రదర్శనల్లో కనిపించేది ఎక్కువగా రెండు రకాల ఉక్కు పొరలను కొలిమిలో అతికి, సాగదీసి, మడిచి చేసినది. తరచుగా వాడేవి 1084, 15ఎన్20 అనే ఉక్కులు. రెండవదానిలో నికెల్ ఉంటుంది కనుక, ఫెర్రిక్ క్లోరైడ్‌లో ముంచినప్పుడు మొదటిది నల్లబడి, ఇది తెల్లగా నిలిచి గీతలు తేలుతాయి. అమెరికాలో ఈ విద్యను తిరిగి నిలబెట్టినవారిలో ముఖ్యుడు విలియం మోరన్; 1973లో తన కత్తులను ప్రదర్శించి, 1976లో అమెరికన్ బ్లేడ్‌స్మిత్ సొసైటీ స్థాపనకు కారకుడయ్యాడు. పాత కాలపు డమాస్కస్ వేరు. అది మట్టి మూసల్లో కరిగించి తీసిన, కార్బన్ సుమారు ఒకటిన్నర శాతం ఉన్న మన దక్షిణాది ఉక్కు. నిర్మల్ ప్రాంతపు ఉక్కు, ముఖ్యంగా కోనసముద్రం ఉక్కు కోసం పారశీక వర్తకులు అక్కడిదాకా వచ్చేవారు. దానిని ఇంగ్లీషువారు పిలిచిన వూట్జ్ అనే పేరు మన ఉక్కు అన్న మాట నుంచే పుట్టిందని పండితులు ఎక్కువమంది భావిస్తారు. ఫ్లోరిడాకు చెందిన ఆల్ఫ్రెడ్ పెండ్రే అనే కమ్మరి, జాన్ వెర్హోవెన్ అనే లోహశాస్త్ర ఆచార్యుడు కలిసి ఆ పాత ఉక్కు మీద అలల గీతలు ఎలా వస్తాయో 1990లలో పరిశోధించి, వనేడియం వంటి మూలకాలు లేశమాత్రంగా ఉండడమే కారణమని చూపారు. తెలుగువాడిగా ఆ హాలులో నడిచేటప్పుడు ఈ సంగతి మీ మనసులో ఉండాలని కోరుకుంటున్నాను.

నమ్మకంగా కొనడానికి ఒక ఆధారం ఉంది. పైన చెప్పిన అమెరికన్ బ్లేడ్‌స్మిత్ సొసైటీ పరీక్షలో నెగ్గినవారు అలుగు మీద జె.ఎస్. (జర్నీమ్యాన్ స్మిత్, మొదటి దశ) లేదా ఎం.ఎస్. (మాస్టర్ స్మిత్, పై దశ) అని ముద్ర వేస్తారు. మొదటి దశ పరీక్షలోనే తాను చేసిన కత్తితో వేలాడే అంగుళం మందం తాడును ఒక్క వేటుకు తెంచాలి, ఇంటి కట్టడానికి వాడే కొయ్య బద్దను రెండుసార్లు నరకాలి, ఆ తరువాత కూడా అదే అంచుతో వెంట్రుకలు గొరగాలి, చివరికి అలుగును వైస్‌లో బిగించి తొంభై డిగ్రీలు వంచితే అది విరిగిపోకూడదు. గట్టిదనం, ఓర్పు రెండూ ఒకే అలుగులో ఉన్నాయా అని అడిగే పరీక్ష ఇది. కత్తుల అందాన్ని, పనితనాన్ని చూసి పట్టం ఇచ్చే పెద్దల కూటమి కూడా ఆ ప్రదర్శనలోనే కూర్చుంటుంది. ఆ ముద్ర లేనివారంతా పనికిరానివారని కాదు, చాలా గొప్పవారు అసలు పరీక్షకే వెళ్ళరు. కానీ తొలిసారి వెళ్ళేవారికి అది ఊతకర్ర.

తెచ్చుకోవడం గురించి క్లుప్తంగా చెబుతాను. మన దేశపు 2016 నాటి ఆయుధ నియమాల్లో అలుగు 9 అంగుళాల కంటే పొడవు గానీ, 2 అంగుళాల కంటే వెడల్పు గానీ ఉన్న కత్తులు ఆయుధాల లెక్కలోకి వస్తాయి. ఇంటి పనికి, వ్యవసాయానికి, శాస్త్ర, పారిశ్రామిక అవసరాలకు చేసినవి మినహాయింపు. కాబట్టి బాకులు, మీట నొక్కితే తెరుచుకునే కత్తులు వదిలేసి వంటింటి కత్తి కొనండి. ఏనుగు దంతం, కణితి (సాంబర్ జింక), దుప్పి కొమ్ముల పిడులు ముట్టుకోకండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వాటితో చిక్కులు తప్పవు. విమానంలో చేతిసంచిలో ఏ కత్తీ పెట్టకూడదు. లోపలికి పంపే పెట్టెలో, అలుగుకు ఒర తొడిగి, దట్టంగా చుట్టి, బిల్లుతో సహా పెట్టండి.

ఇవన్నీ నాకు మొదటి రోజు తెలియవు. మూడవ రోజు, మా అమ్మాయి పెరట్లో వాడుకోవడానికని నేను ఊరి నుంచి తీసుకెళ్ళిన కక్కు కొడవలిని గుడ్డలో చుట్టి, ద్వారం దగ్గర చూపించి, లోపలికి తీసుకెళ్ళాను. అది నాన్నగారు లారీ కమాను పట్టీతో చేసినది. ఎం.ఎస్. ముద్ర ఉన్న ఒక పెద్దాయన బల్ల మీద పెట్టాను. ఆయన కళ్ళద్దాలు సవరించుకుని, ఉలితో ఒక్కొక్కటిగా కొట్టిన కక్కులను వేలి గోటితో తడిమి, నన్ను అడిగి సన్నని ఆకురాయిని అంచు మీద పెట్టాడు. అంచు అంత గట్టిగా ఉంది కనుక ఆకురాయి పట్టు చిక్కక జారిపోయింది. తన బల్ల దగ్గరకు వచ్చినవారందరికీ దాన్ని చూపించాడు. కోతల ముందు మా అరుగు మీద బారుగా కూర్చున్న రైతులూ, కళ్ళంలో కుంచంతో కొలిచి ఇచ్చిన ధాన్యమూ నాకు గుర్తుకొచ్చి కాసేపు మాట రాలేదు. ఆ రోజే ఆయన దగ్గర ఒక చిన్న వంటింటి కత్తి కొన్నాను, బేరం ఆడలేదు; బేరింగులకు వాడే 52100 ఉక్కుతో చేసిన ఆ కత్తితోనే మా ఇంట్లో నేటికీ కూరలు తరుగుతున్నారు.

కొడవలిని నూనెలో ముంచారా, నీటిలోనా అని ఆయన అడిగాడు. నీటిలోనే అన్నాను. పలచని అంచు నీటిలో పగలకుండా ఎలా నిలిచిందని అడిగితే మాత్రం నా దగ్గర జవాబు లేదు. తిత్తి ఊదిన పిల్లవాడికి ముంచే వంతు ఎప్పుడూ రాలేదు. ఇంటికి వచ్చాక ఊరికి వెళ్ళి, ఇంకా కొలిమి నడుపుతున్న మా పెదనాన్నగారి అబ్బాయిని అడిగాను. తొట్టిలో నీళ్ళు గోరువెచ్చగా ఉండాలని, గుప్పెడు కల్లుప్పు కలిపి కరిగించాలని, కక్కులున్న అంచును మాత్రమే ముందు తాకించి, "సుయ్" అన్న చప్పుడు సన్నబడ్డాక మిగతా అలుగును దించాలని అన్నయ్య చెప్పాడు. ఉప్పునీటిలో ఇనుము చుట్టూ ఆవిరి పొర నిలవదు, అందుకే అంచు అంతటా ఒకేలా చల్లబడుతుంది. నేను ఆ మాటలను ఇంగ్లీషులో రాసి ఆ పెద్దాయనకు పంపాను. రెండు వారాలకు ఆయన నుంచి జవాబు వచ్చింది: అదే పద్ధతిలో నాలుగు అలుగులు ముంచి చూశాడట, ఒకటి పగిలింది, మూడు నిలిచాయి, నీటిని ఎంత వెచ్చగా ఉంచాలో అన్నయ్యను మళ్ళీ అడిగి రాయమన్నాడు.