ఇంట్లో ఏ లోటూ లేకపోయినా మా తమ్ముడికి ఇంత టెన్షన్ ఎందుకు?

మీ నాన్నగారు, అమ్మగారు ఇద్దరూ ఉద్యోగస్తులనీ, అయినా బీటెక్ రెండో ఏడాదికి వచ్చాక తమ్ముడు ఫోన్ ఎత్తడం మానేశాడనీ రాశారు. లోటు లేని ఇంటి పిల్లలకూ ఒత్తిడి ఉంటుంది, కాకపోతే అది వేరే వైపు నుంచి వస్తుంది. ఈ రెండు రకాలనూ నేను ఒకే హాస్టల్ గదిలో చూశాను.

మాది నల్గొండ వైపు పల్లె, నాన్న కౌలు రైతు. నేను ఇంజినీరింగ్ చదవగలిగానంటే ఫీజు రీయింబర్స్‌మెంట్ వల్లే. ఆ మేలు మర్చిపోలేను. కానీ ప్రభుత్వం నుంచి డబ్బు ఆలస్యమైతే కాలేజీ ఆఫీసు వాళ్లు మమ్మల్నే నిలదీసేవాళ్లు, కట్టకపోతే హాల్ టికెట్ ఇచ్చేది లేదనేవాళ్లు. రెండో సెమిస్టర్ పరీక్షలు వచ్చేది ఎండాకాలం చివర్లో. సరిగ్గా అప్పుడే పత్తి విత్తనాలకు, ఎరువులకు నాన్న మిత్తికి డబ్బు తెచ్చేవాడు. అలాంటప్పుడు ఫీజు మాట ఎత్తాలంటే నోరు రాదు. పుస్తకం ముందు కూర్చున్నా ఆలోచనంతా అప్పు మీదే.

నా రూమ్మేట్ అమ్మానాన్నలిద్దరూ టీచర్లు. ఫీజు బెంగ లేదు. అయితే వాళ్లన్న అమెరికాలో ఎంఎస్ చేస్తున్నాడు, ఇంటి నుంచి ఫోన్ వస్తే మొదటి ప్రశ్న సీజీపీఏ (మొత్తం మార్కుల సగటు గ్రేడు) గురించే. రిజల్ట్స్ రోజు వాడు ఫోన్ స్విచాఫ్ చేసుకునేవాడు. మా నాన్నకు సెమిస్టర్ అంటే తెలియదు కాబట్టి నా మార్కులు అడగలేదు. వాడికి ఇంట్లో మార్కులు తప్ప వేరే మాటే లేదు. సబ్జెక్ట్ పోతే ఇద్దరమూ ఇంట్లో చెప్పలేకపోయేవాళ్లం.

అందుకే మీరు మార్కుల సంగతి పక్కనపెట్టి, వీలైతే స్వయంగా వెళ్లి కలవండి. తిండి, నిద్ర ఎలా ఉన్నాయో కనుక్కోండి. తర్వాత అటెండెన్స్ అడగండి. మా జేఎన్టీయూ రూల్ ప్రకారం 75 శాతం ఉండాలి, 65 దాటితే తగిన కారణం చూపి కండోనేషన్ (హాజరు తక్కువైనా పరీక్ష రాయడానికి మినహాయింపు) తీసుకోవచ్చు, అంతకన్నా తగ్గితే డిటెయిన్ అవుతారు, అంటే పరీక్షలు రాయనివ్వరు. క్లాసులకు వెళ్లలేకపోతున్న పిల్లలు ముందు దాచేది ఇదే. బ్యాక్‌లాగ్‌లు (పాస్ కాని సబ్జెక్టులు) ఉన్నాయని చెబితే వెంటనే అమ్మానాన్నలకు చేరవేయకండి, ఎప్పుడు ఎలా చెప్పాలో వాడితోనే మాట్లాడి తేల్చుకోండి. చచ్చిపోవాలనిపిస్తోందన్న మాట వస్తే మాత్రం దాచొద్దు, ఒంటరిగా వదలొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఇద్దరూ కలిసి ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులో మాట్లాడతారు, రాత్రి పూట కూడా ఎత్తుతారు.